ఎలక్ట్రీషియన్ సామర్థ్య పరీక్షకు సిద్ధమవడం: టెస్టర్ చూపించడం నుంచి చివరి మెగ్గర్ రీడింగ్ దాకా

పదేళ్లుగా బోరు మోటర్లు దించి ఎక్కించిన మనిషి, వందల ఇళ్లకు వైరింగ్ చేసిన మనిషి కూడా పరీక్ష బల్ల ముందు తప్పుతాడు. పని రాక కాదు. స్విచ్ ఆఫ్ చేసి నేరుగా టెర్మినల్ మీద చెయ్యి పెడతాడు, లేదా లైన్ ఇచ్చాక మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) తీస్తాడు. పని పూర్తయ్యాక "బల్బు వెలిగింది కదా సార్" అంటాడు. పరీక్షకుడు బల్బు వెలగడం ఒక్కటే చూడడు. ఏ పని ముందు చేశారు, ఏది తర్వాత, మధ్యలో ఏం కొలిచారు, కొలిచింది రాశారా అని కూడా చూస్తాడు. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, సూర్యాపేట ప్రాంతాల్లో పని మీదే పని నేర్చుకున్నవాళ్లకు చేతిపని ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ వరుసకే ఇచ్చాం.

మీరు రాయబోయేది ఏ పరీక్ష

మూడు రకాలు ఉన్నాయి, సన్నాహం కొంచెం కొంచెం మారుతుంది.

మొదటిది రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చివర వచ్చే ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్. ఇందులో ప్రాక్టికల్‌కు 60 శాతం రావాలి, థియరీకి 33 శాతం చాలు. అంటే థియరీలో అత్తెసరుతో బయటపడినా ప్రాక్టికల్ వదలదు. ప్రాక్టికల్‌లో పనిముట్లు వాడే తీరు, కొలతల కచ్చితత్వం, పని నీటు, ఎదుటివాళ్ల సాయం ఎంత తీసుకున్నారు అనేవి చూసి మార్కులేస్తారు. భద్రత మీద ధ్యాస, వైర్ వృథా చేయకపోవడం, ముక్కలు ఎక్కడ పడేశారన్నది కూడా లెక్కలోకి వస్తాయి.

రెండోది చదువు లేకుండా పని నేర్చినవాళ్లకు ఉన్న నైపుణ్యాన్ని గుర్తించే పరీక్ష, అందరూ ఆర్‌పీఎల్ అనేది. దీనికి కొద్దిరోజుల ఓరియెంటేషన్, తర్వాత అసెస్‌మెంట్ ఉంటాయి.

మూడోది వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ కాంపిటెన్సీ సర్టిఫికెట్. ఇది ఎందుకు కావాలో తెలుసుకుంటే ఓరల్‌లో ఒక ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు (2010లో వచ్చాయి, 2023లో కొత్తవి తెచ్చారు) ఏం చెబుతాయంటే: బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడం లాంటి చిన్న పనులు వదిలేస్తే, మిగతా ఏ విద్యుత్ పని అయినా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయించాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్నవాడు చేతులు పెట్టాలి. ముగ్గురి పాత్రలు వేరు. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి చెబుతారు.

కాగితాల విషయంలో ఒక్క మాట. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో నెల ముందే చూసుకోండి. అనుభవ పత్రం కావాలంటే దాని మీద కాంట్రాక్టర్ లైసెన్స్ నంబరు, మీరు చేసిన పనుల రకం, తేదీలు స్పష్టంగా ఉండాలి. "మా దగ్గర పని చేశాడు, మంచివాడు" అన్న కాగితం ఎందుకూ పనికిరాదు.

ముందు మీ లెక్క మీరు తీసుకోండి

ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి: నిద్రలో లేపినా చేస్తాను, బొమ్మ చూస్తే చేస్తాను, రాదు. సిలబస్‌లో ఉన్న ఒక్కో పనినీ వీటిలో ఏదో ఒక గడిలో వేయండి. మన దగ్గర బోరు పని చేసేవాళ్లకు స్టార్టర్, కేబుల్ జాయింట్ మొదటి గడిలో పడతాయి. మెట్ల వైరింగ్ రెండో గడిలో, ఎర్త్ టెస్టర్, మెగ్గర్ మూడో గడిలో. ఇళ్ల వైరింగ్ మేస్త్రీలకు సరిగ్గా తలకిందులు. మూడో గడిలో ఉన్నవాటికే మొదటి రెండు వారాలు ఇవ్వండి. వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేస్తూ సిద్ధమవుతున్నామనుకోవడం తేలిక, అది మోసం.

ఆర్‌పీఎల్‌కు వెళ్లేవాళ్లు పని ఫొటోలు పెట్టుకోవడం మంచిది. గోడకు ప్లాస్టరింగ్ కాకముందు పైపులు, డీబీ (కరెంటును సర్క్యూట్లుగా పంచే పెట్టె) లోపలి వైరింగ్, ఎర్త్ గుంత పూడ్చకముందు, మీటర్ మీద రీడింగ్ కనిపిస్తున్నది. తుడిచి మెరిపించిన స్విచ్ బోర్డు ఫొటో ఏమీ నిరూపించదు.

సంచిలో ఏముండాలి

కేంద్రంలో పనిముట్లు ఇస్తారన్నా మీవి మీరు తీసుకెళ్లండి. అలవాటైన పిడి చేతికి వేగం ఇస్తుంది. 200 మి.మీ. కటింగ్ ప్లయర్, సైడ్ కట్టర్, నోస్ ప్లయర్, మూడు సైజుల స్క్రూడ్రైవర్లు, వైర్ స్ట్రిప్పర్, లగ్గుల క్రింపింగ్ టూల్, టేపు, తూకం గుండు, స్పిరిట్ లెవెల్, సుత్తి, హాక్సా. ఇన్సులేషన్ చీలిన ప్లయర్ ఉంటే ఇంట్లో పెట్టి రండి. దాన్ని చూడగానే మార్కులు తగ్గించే పరీక్షకులు ఉన్నారు, వాళ్లది తప్పు కాదు.

కొలిచే సామాన్లు: రెండు కాళ్ల వోల్టేజ్ టెస్టర్ లేదా రెండు లీడ్ల టెస్ట్ ల్యాంప్, మల్టీమీటర్, టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు చూసేది). వీటితోపాటు ఒక చిన్న తాళం, "పని జరుగుతున్నది, ఆన్ చేయవద్దు" అని తెలుగులో రాసిన అట్ట. ఈ అట్ట ఖరీదు రూపాయి కాదు, కానీ తెచ్చేవాళ్లు తక్కువ.

మల్టీమీటర్‌తో జరిగే ప్రమాదం ఒకటి గుర్తుపెట్టుకోండి. నిన్న ఆంపియర్లు కొలిచి ఎరుపు లీడ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి, ఇవాళ ఫేజ్ న్యూట్రల్ మధ్య పెడితే మీటర్ ద్వారా నేరుగా షార్ట్ అవుతుంది. మంచి మీటర్ అయితే లోపలి ఫ్యూజ్ పోతుంది. చవకది చేతిలోనే పేలుతుంది. మీటర్ తీసిన ప్రతిసారీ లీడ్ ఎక్కడుందో, నాబ్ ఎక్కడుందో పైకి చదవండి. పరీక్షకుడు విన్నా మంచిదే.

సప్లై తీసేయడం: మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే

ఈ వరుసను ఇంట్లో డీబీ దగ్గర రోజూ చేసి, ఆలోచించకుండా వచ్చేదాకా తీసుకురండి.

1. ఏ సర్క్యూట్ మీద పని చేయాలో గుర్తించండి. అది ఎక్కడి నుంచి వస్తోందో, రెండో సప్లై ఉందో కనుక్కోండి. ఇన్వర్టర్, జనరేటర్, సోలార్ ఉన్న ఇంట్లో మెయిన్ తీసినా లోపల కరెంటు ఉంటుంది.

2. ఆపుతున్నామని అక్కడున్నవాళ్లకు చెప్పండి.

3. మెయిన్ స్విచ్ లేదా ఐసోలేటర్ ఆఫ్ చేయండి. స్టార్టర్ స్టాప్ బటన్ నొక్కడం ఆఫ్ చేయడం కాదు. కాంటాక్టర్ (స్టార్టర్ లోపలి అయస్కాంత స్విచ్) పైభాగంలో మూడు ఫేజులూ అలాగే ఉంటాయి. పైగా మన పొలాల్లో సగం స్టార్టర్లకు ఆటో ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే మోటర్ దానంతట అదే లేస్తుంది.

4. ఫ్యూజ్ క్యారియర్లుంటే మూడూ తీసి జేబులో వేసుకోండి. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్) అయితే తాళం వేయండి. అట్ట తగిలించండి.

5. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పని చేస్తోందని చూడండి.

6. ఇప్పుడు పని చేయబోయే చోట పరీక్షించండి. సింగిల్ ఫేజ్ అయితే ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, మూడు కొలతలు. త్రీ ఫేజ్ అయితే ఫేజులు ఒకదానితో ఒకటి మూడు, ఒక్కో ఫేజ్ న్యూట్రల్‌తో మూడు, ఎర్త్‌తో మూడు, న్యూట్రల్-ఎర్త్ ఒకటి, మొత్తం పది.

7. అదే టెస్టర్‌ను మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి చూడండి. మధ్యలో టెస్టర్ చచ్చిపోయి ఉంటే ఆరో మెట్టుకు విలువ లేదు.

8. కెపాసిటర్ ఉంటే డిస్‌చార్జ్ చేయండి. సింగిల్ ఫేజ్ బోరు మోటర్ పెట్టెలో ఇది తప్పనిసరి.

ఐదు, ఏడు మెట్లు వదిలేసేవాళ్లే ఎక్కువ. "టెస్టర్ మొన్ననే కొన్నాను" అన్న జవాబు చెల్లదు.

స్క్రూడ్రైవర్ లాంటి నియాన్ టెస్టర్ ఎందుకు చాలదని అడుగుతారు. దాని దీపం మీ ఒంటి గుండా పోయే అతి చిన్న కరెంటుతో వెలుగుతుంది. ఎండిపోయిన చెక్క స్టూలు మీద నిలబడ్డా, మిట్టమధ్యాహ్నం ఎండలో చూసినా వెలుగు కనపడకపోవచ్చు. కరెంటు ఉందని చెప్పడానికి అది పనికొస్తుంది, లేదని చెప్పడానికి పనికిరాదు. డిజిటల్ మల్టీమీటర్‌ది ఇంకో తలనొప్పి. పక్కన కరెంటు వైర్ పోతుంటే, ఎక్కడా కలపని ఖాళీ వైర్ మీద కూడా పదుల వోల్టులు చూపిస్తుంది. అక్కడ రెండు లీడ్ల టెస్ట్ ల్యాంప్ పెడితే ఆ దొంగ వోల్టేజ్ పడిపోతుంది.

ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజ్ పోతే ఎవరో ఒకరు ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైన్‌ను తెంచేది) గుంజి దిమ్మె ఎక్కేస్తారు. ఓరల్‌లో "ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజ్ పోయింది, రైతు తొందర పెడుతున్నాడు, ఏం చేస్తారు?" అంటే, లైన్‌మన్‌కు చెబుతాను అన్నదే జవాబు. ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి అంటుకునే ఉండిపోవచ్చు, కింది నుంచి చూస్తే తెలియదు. పర్మిట్ ఉన్నా ఆ దిమ్మె మీది పని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మనిషిదే.

వైరింగ్ పని

బొమ్మ ఇచ్చిన వెంటనే వైరు కోయడం మొదలుపెట్టకండి. ఐదు నిమిషాలు బొమ్మ చూసి, సామాను లెక్క రాసి, బోర్డు మీద సుద్దతో గీతలు గీసుకోండి. ఎక్కువగా వచ్చేవి మెట్ల వైరింగ్, గోడౌన్ వైరింగ్, చిన్న డీబీ కట్టడం.

మెట్ల వైరింగ్‌లో తప్పు ఒకేచోట జరుగుతుంది: టూ-వే స్విచ్ కామన్ ఏదో చూసుకోకపోవడం. ఫేజ్ మొదటి స్విచ్ కామన్‌కు, ల్యాంప్ వైరు రెండో స్విచ్ కామన్‌కు. మిగిలిన రెండు టెర్మినళ్ల మధ్య రెండు జంట వైర్లు. కామన్ మధ్యలోనే ఉంటుందని అనుకోవద్దు. కంపెనీని బట్టి మారుతుంది, మీటర్‌తో చూడండి. పని అయ్యాక కరెంటు ఇవ్వకముందే కంటిన్యుటీ చూస్తే, రెండు స్విచ్‌ల నాలుగు స్థానాల్లో రెండింట దారి దొరకాలి, రెండింట తెగాలి. మూడింట తెగి ఒక్కదాంట్లోనే దొరికితే, కామన్ దగ్గర పెట్టాల్సింది జంట వైర్ దగ్గర పెట్టారన్నమాట.

వైర్ రంగులు: ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. పచ్చ వైర్ మిగిలింది కదా అని స్విచ్ రిటర్న్‌కు వాడితే పెద్ద తప్పు, మరొకడు ఎర్త్ అనుకుని ముట్టుకుంటాడు. స్విచ్, ఎంసీబీ ఫేజ్ మీదే ఉండాలి. న్యూట్రల్‌లో ఫ్యూజ్ పెడితే అది పోయినప్పుడు బల్బు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. మూడు పిన్నుల సాకెట్‌ను ఎదురుగా చూస్తే పైన ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. వెనక నుంచి తిప్పి బిగిస్తాం కాబట్టి చేతులు మారిపోతాయి.

సైజుల విషయంలో సాధారణంగా లైట్లకు 1.5 చదరపు మి.మీ., 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5, ఏసీ, పెద్ద గీజర్‌కు 4. ఒక లైట్ సర్క్యూట్‌కు 10 పాయింట్లు లేదా 800 వాట్లు, ఒక పవర్ సర్క్యూట్‌కు రెండు సాకెట్లు అన్న పాత లెక్క ఇప్పటికీ అడుగుతారు.

బిగింపులు: ఇన్సులేషన్ 10 నుంచి 12 మి.మీ. మాత్రమే వొలవాలి, టెర్మినల్ బయట రాగి కనపడకూడదు. పోగులు కోసి సన్నం చేసి రంధ్రంలోకి తోయడం అసలు చేయకండి. 2.5 వైర్ అక్కడ 1.5 అయిపోతుంది, వేడెక్కేది అక్కడే. బిగించాక ప్రతి వైరునూ ఒకసారి గుంజి చూడండి. బాక్సులో 15 సెం.మీ. వైర్ మిగల్చండి.

డీబీలో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సప్లై తెంచేది) ఉంటే, దాని నుంచి బయటకొచ్చిన న్యూట్రల్‌కు వేరే బార్ ఉండాలి. రెండు న్యూట్రళ్లు కలిస్తే లోడ్ వేయగానే ట్రిప్ అవుతుంది. మేస్త్రీలు చాలామంది "ఆర్‌సీసీబీ చెడిపోయింది" అని తీసి పారేసేది ఈ తప్పు వల్లే. టెస్ట్ బటన్ ఆర్‌సీసీబీ లోపలి యంత్రాన్ని మాత్రమే చూస్తుంది, మీ ఎర్తింగ్ బాగుందని చెప్పదు. ఓవర్‌లోడ్‌ను కూడా అది ఆపదు. దానికి ఎంసీబీ ఉండాల్సిందే.

స్టార్టర్: చేతికి తెలుసు, నోటికి రాదు

డీఓఎల్ (మోటర్‌ను నేరుగా లైన్ మీద లేపే) స్టార్టర్ కంట్రోల్ సర్క్యూట్‌ను వేలితో చూపిస్తూ చెప్పడం నేర్చుకోండి. ఫేజ్ నుంచి కంట్రోల్ ఫ్యూజ్, ఓఎల్‌ఆర్ (ఓవర్‌లోడ్ రిలే) 95-96 కాంటాక్ట్, స్టాప్ బటన్ ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండేది), స్టార్ట్ బటన్ ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది), అక్కణ్నుంచి కాయిల్ ఏ1. ఏ2 నుంచి న్యూట్రల్‌కు. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ 13-14 పెడితే వేలు తీసినా పట్టి ఉంటుంది. వేలు తీయగానే మోటర్ ఆగిపోతోందంటే 13-14 చూడండి. స్టాప్ నొక్కినా ఆగకపోతే 13-14 వైర్ స్టాప్ బటన్‌కు ముందు కలిపారు, లేదా కాంటాక్టర్ అంటుకుపోయింది.

కాయిల్ మీద వోల్టేజ్ చదవండి. పొలం స్టార్టర్లలో 415 వోల్టుల కాయిళ్లు ఎక్కువ, బల్ల మీద ఇచ్చే కాంటాక్టర్లలో 230వి ఎక్కువ. 415 కాయిల్‌కు 230 ఇస్తే పట్టీ పట్టకుండా టకటకలాడుతుంది. 230 కాయిల్‌కు రెండు ఫేజులిస్తే కాలిన వాసన మీకంటే ముందు పరీక్షకుడికి తగులుతుంది.

స్టార్-డెల్టాలో పవర్ వైరింగ్ గుర్తుపెట్టుకోవడానికి ఒకే దారి. మెయిన్ కాంటాక్టర్ నుంచి యూ1, వీ1, డబ్ల్యూ1. స్టార్ కాంటాక్టర్ యూ2, వీ2, డబ్ల్యూ2 మూడింటినీ కలిపి ముడి వేస్తుంది. డెల్టా కాంటాక్టర్ యూ1ను డబ్ల్యూ2తో, వీ1ను యూ2తో, డబ్ల్యూ1ను వీ2తో కలుపుతుంది. యూ1ను యూ2తో కలిపారంటే ఒక వైండింగ్ రెండు కొసలకూ ఒకే ఫేజ్ వస్తుంది, డెల్టాలోకి మారగానే మోటర్ చల్లబడి ఆగుతుంది. స్టార్, డెల్టా రెండూ ఒకేసారి పట్టుకుంటే మూడు ఫేజులూ షార్ట్. అందుకే ఒకదాని కాయిల్ దారిలో రెండోదాని ఎన్‌సీ పెట్టే ఇంటర్‌లాక్ మీద తప్పకుండా ప్రశ్న ఉంటుంది. మోటర్ కలపకముందు కంట్రోల్‌కు మాత్రమే సప్లై ఇచ్చి మెయిన్, స్టార్, టైమర్ గడిచాక డెల్టా, ఈ వరుస కళ్లారా చూడండి.

స్టార్‌లో లైన్ కరెంటు, టార్క్ రెండూ డెల్టాలో నేరుగా స్టార్ట్ చేస్తే వచ్చేదానిలో మూడో వంతే. కరెంటు తగ్గుతుందని అందరూ చెబుతారు, టార్క్ కూడా తగ్గుతుందని కొందరే చెబుతారు. లోడ్ మీద లేవాల్సిన మోటర్‌కు స్టార్-డెల్టా ఎందుకు పెట్టరో దానిలోనే ఉంది.

ఓఎల్‌ఆర్ అమరిక లెక్క వేసి చూపించండి. 7.5 హెచ్‌పీ మోటర్, 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.8, సామర్థ్యం 85 శాతం అనుకుంటే, 7.5ను 746తో హెచ్చించి, దాన్ని 1.732, 415, 0.8, 0.85ల లబ్ధంతో భాగిస్తే దాదాపు 11.4 ఆంపియర్లు. ఓఎల్‌ఆర్ లైన్‌లో ఉంటే 11.4 దగ్గర, వైండింగ్ దారిలో ఉంటే దాన్ని 0.58తో హెచ్చించి 6.6 దగ్గర పెట్టాలి. స్టార్-డెల్టాలో ఓఎల్‌ఆర్ సాధారణంగా వైండింగ్ దారిలోనే ఉంటుంది. అక్కడ 11.4 పెడితే మోటర్ కాలినా అది కదలదు. చేతిలో మోటర్ ఉంటే నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంపియర్లే ప్రమాణం, ఈ లెక్క కాదు.

ఇక బోరు కేబుల్ లెక్క. 5 హెచ్‌పీకి దాదాపు 7.6 ఆంపియర్లు. స్టార్టర్ నుంచి నీళ్లలోని మోటర్ దాకా 300 మీటర్లు, 2.5 చదరపు మి.మీ. రాగి కేబుల్ (కిలోమీటరుకు 7.41 ఓమ్‌లు) అయితే వోల్టేజ్ డ్రాప్ (పవర్ ఫ్యాక్టర్ 0.8తో) 23 వోల్టుల పైన, అంటే 5.6 శాతం. 5 శాతం హద్దు దాటింది. 4 చదరపు మి.మీ. వేస్తే 15 వోల్టుల లోపే. ఇక్కడ బోర్లు లోతు, స్టార్టర్ డబ్బా రోడ్డు పక్కన, మోటర్ చెల్క నడుమ. సన్న కేబుల్ వేసి "మోటర్ మళ్లీ కాలింది" అనే చోట ముందు ఈ లెక్క వేయాలి.

ఒక ఫేజ్ పోయినప్పుడు కెపాసిటర్ పెట్టి రెండు ఫేజుల మీద మోటర్ నడిపే పద్ధతి పొలాల్లో ఉంది. పరీక్షలో దాన్ని తెలివిగా చెప్పకండి. అడిగితే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటర్‌ను ఆపేది) గురించి చెప్పండి.

కొలతలు, వాటి వరుస

సప్లై లేకుండా చేసేవన్నీ అయ్యాకే సప్లై ఇచ్చి చేసేవి. కంటితో చూడటం, ఎర్త్ కంటిన్యుటీ, ఇన్సులేషన్, పొలారిటీ (ఫేజ్, న్యూట్రల్ సరైన చోట ఉన్నాయో లేదో). ఆ తర్వాత వోల్టేజ్, ఆర్‌సీసీబీ, చివరకు లోడ్.

మెగ్గర్‌కు ముందు: మెయిన్ ఆఫ్, బల్బులు తీసేయాలి, ఎలక్ట్రానిక్ సామాను ప్లగ్గులు తీసేయాలి, స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉండాలి. స్విచ్ ఆఫ్‌లో ఉంటే దాని తర్వాతి వైర్ పరీక్షలోకి రాదు. ఫేజ్, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు 500 వోల్టుల డీసీ ఒక నిమిషం ఇచ్చి చూడండి, తర్వాత ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. కొత్త వైరింగ్‌లో సరిగ్గా 1 వచ్చిందని సంతోషపడకండి, పదుల్లోనో వందల్లోనో రావాల్సింది ఒకటికి పడిందంటే ఎక్కడో తడో, గీటో ఉంది. సున్నా చూపిస్తే కంగారుపడి వైర్లు పీకొద్దు. మరిచిపోయిన ఎల్ఈడీ బల్బు, ఇండికేటర్ చాలా సార్లు కారణం. పరీక్ష అయ్యాక వైర్లను డిస్‌చార్జ్ చేయండి.

ఎర్త్ రెసిస్టెన్స్‌కు టెస్టర్ మేకులు రెండు. కరెంటు మేకును ఎర్త్ గుంత నుంచి 30 మీటర్ల దూరంలో, వోల్టేజ్ మేకును అదే వరుసలో 18, 19 మీటర్ల దగ్గర కొట్టండి. రీడింగ్ రాసి, వోల్టేజ్ మేకును 3 మీటర్లు ముందుకు, 3 మీటర్లు వెనక్కి జరిపి మళ్లీ తీయండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే సరే. దూరంగా ఉంటే కరెంటు మేకును ఇంకా దూరం తీసుకెళ్లండి. ఇన్‌స్టాలేషన్ నుంచి ఎర్త్ వైరు విప్పే ముందు సప్లై తీసేసి ఉండాలి, ఈ మాట చెప్పకపోతే అడుగుతారు.

గుంత కొలతలు: జీఐ పైపు అయితే లోపలి వ్యాసం 38 మి.మీ.కి, పొడవు 2.5 మీటర్లకు తగ్గకూడదు. ప్లేట్ అయితే 60 సెం.మీ. చదరం, జీఐకి 6.3 మి.మీ., రాగికి 3.15 మి.మీ. మందం. దేవరకొండ, అచ్చంపేట వైపు ఎర్ర చెల్క, మొరం, కింద బండ. ఎండాకాలంలో నేల ఎండిపోయి రీడింగ్ పెరుగుతుంది. రేగడి నేలలో అదే పైపు తక్కువ చూపిస్తుంది. కాబట్టి రీడింగ్ పక్కన తేదీ, నేల తడి పొడి రాయాలి.

ఇంకో లోతైన ప్రశ్న: "ఎర్త్ 5 ఓమ్‌లుంది, చాలా?" 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ-రకం ఎంసీబీ తక్షణం పడిపోవడానికి దాని రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్లు, అంటే 160 దాకా కావాలి. మోటర్ బాడీకి ఫేజ్ తగిలితే 46తో అది వెంటనే పడదు, ఈలోగా బాడీ కరెంటుతో ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే 100 ఓమ్‌ల ఎర్త్ మీద కూడా 2.3 ఆంపియర్లు పారి అది పడిపోతుంది. ఇది లెక్కతో చెప్పగలిగితే పరీక్షకుడు మిగతా ప్రశ్నలు తగ్గించేస్తాడు.

కాగితం మీద ఏం కొలిచారు, ఎక్కడ, ఏ మీటర్‌తో, ఏ రేంజ్‌లో, ఎంత, యూనిట్ ఏంటి అన్నవి రాయండి. "ఓకే" అని రాస్తే అది రీడింగ్ కాదు.

లోపం పట్టడం

కావాలని ఒక తప్పు పెట్టి ఇస్తారు. చేతికి దొరికిన స్క్రూ విప్పడం మొదలుపెట్టకండి. ముందు లక్షణం అడగండి, తర్వాత సర్క్యూట్ మధ్యలో ఒకచోట కొలిచి, లోపం ముందు సగంలో ఉందో వెనక సగంలో ఉందో తేల్చండి. రెండు మూడు కొలతల్లో దొరుకుతుంది. న్యూట్రల్ తెగితే స్విచ్ ఆన్‌లో ఉన్న బల్బు హోల్డర్ రెండు పిన్నులకూ నియాన్ వెలుగుతుంది, బల్బు మాత్రం వెలగదు. త్రీ ఫేజ్ సర్వీసులో న్యూట్రల్ వదులైతే ఒక గదిలో లైట్లు మసకబారి, పక్క గదిలో టీవీ కాలుతుంది. ఈ రెండు లక్షణాలు తెలిస్తే సగం ప్రశ్నలు తెలిసినట్టే.

ఓరల్‌కు తప్పక చూసుకోవాల్సినవి

50 హెర్ట్జ్‌లో 2 పోళ్ల మోటర్ సింక్రనస్ వేగం నిమిషానికి 3000, 4 పోళ్లకు 1500. బోరు సబ్‌మెర్సిబుల్ సాధారణంగా 2 పోళ్లది, స్లిప్ పోను 2800 పైన తిరుగుతుంది. ఎంసీబీ బీ-రకం 3 నుంచి 5 రెట్లకు, సీ 5 నుంచి 10, డీ 10 నుంచి 20. షాక్ తగిలిన మనిషిని ముట్టుకునే ముందు సప్లై తీయాలి. శ్వాస లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్య 5 నుంచి 6 సెం.మీ. లోతున నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కాలి, 30 నొక్కులకు 2 శ్వాసలు. దీన్ని బొమ్మ మీద చేసి చూపమంటారు, మాటలతో సరిపెట్టలేరు. పానెల్ మంటకు నీళ్లు కాదు, సీఓ2 లేదా డ్రై పౌడర్.

పరీక్ష రోజు

ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసేయండి. నూలు బట్టలు, రబ్బరు అడుగు బూట్లు. దూరం ఊళ్లవాళ్లు ముందు రోజే నల్గొండకో మహబూబ్‌నగర్‌కో చేరుకుంటే మంచిది, మొదటి బస్సు నమ్ముకుంటే చెమటతో బల్ల ముందు నిలబడాల్సి వస్తుంది.

నాలుగు గంటల పని ఇస్తే అరగంట బొమ్మకు, సామానుకు, రెండున్నర గంటలు పనికి, మిగతాది కొలతలకు, కాగితానికి పెట్టుకోండి. కొలతలకు సమయం మిగలక ఆగమైనవాళ్లే ఎక్కువ. మధ్యలో తప్పు చేశారని మీకే తెలిస్తే దాచకండి. సప్లై తీసేసి, "ఇక్కడ తప్పు కలిపాను, సరిచేస్తున్నాను" అని చెప్పి సరిచేయండి. దాచి పెట్టిన తప్పు సప్లై ఇచ్చాక పేలితే ఆ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది.

సప్లై ఇచ్చే ముందు పరీక్షకుడి అనుమతి అడగండి. పని అయ్యాక సప్లై తీయండి, ముక్కలు ఏరి డబ్బాలో వేయండి, మీటర్ నాబ్ ఆఫ్‌లో, లీడ్ వోల్టుల రంధ్రంలో పెట్టండి. రీడింగ్ కాగితం మీద సంతకం చేసి ఇచ్చాక, చివరగా మీ తాళం, అట్ట తీసి సంచిలో వేసుకోండి.